సోషల్ మీడియా మొదలుపెట్టడం ఎలా: బెజవాడ, గుంటూరు చిన్న వ్యాపారులకూ సరదాగా వచ్చేవాళ్లకూ సమగ్ర మార్గదర్శి

మా పిన్నిది గుంటూరు బ్రాడీపేట. సంక్రాంతి వెళ్లగానే పండుమిరపకాయలు తెప్పించి కొరివికారం పెడుతుంది. ఎండాకాలం ఆవకాయ, మధ్యమధ్యలో గోంగూర. చుట్టుపక్కల వాళ్లు, వాళ్ల పిల్లలు, ఆ పిల్లల స్నేహితులు కొనుక్కుంటారు. ఒకరోజు ఫోన్ చేసి, "అందరూ ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్నారంట కదే, పెట్టగానే జాడీలు ఖాళీ అయిపోతున్నాయంట. నాక్కూడా ఒకటి తెరిచిపెట్టి వెళ్లు" అంది. ఆదివారం విజయవాడ నుంచి వెళ్లాను. ఖాతా తెరవడానికి పది నిమిషాలు పట్టింది. తెరిచాక ఏం చేయాలో తేల్చుకోవడానికి మూడు నెలలు పట్టింది.

ఆ మూడు నెలల్లో తెలుసుకున్నదీ, తర్వాత విజయవాడలో మంగళగిరి చీరలమ్మే స్నేహితురాలికి సాయం చేస్తూ నేర్చుకున్నదీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పేస్తాను, మిగతాదంతా దాని మీదే నిలబడుతుంది. చిన్న వ్యాపారానికి బేరం కుదిరేది జవాబు దగ్గర. పోస్టు చూసి మనిషి ఒక్క క్షణం ఆగుతాడు, నచ్చితే ఏదో ఒకటి అడుగుతాడు. అప్పుడు మీరు ఏం చెప్పారు, ఎంతసేపటికి చెప్పారు అన్నదాన్ని బట్టే కొంటాడు. పోస్టుల మీద గంటలు ఖర్చుపెట్టి, వచ్చిన మెసేజీలను రెండు రోజులు చూడని వాళ్లను చాలామందిని చూశాను. అందుకే ఈ మాట ముందు పెట్టాను.

మొదటి అడుగు: ఫోన్ పక్కన పెట్టి నోటు పుస్తకం తీయండి

యాప్ డౌన్‌లోడ్ చేసేముందు ఒక వారం పాటు, మిమ్మల్ని ఫోన్లోనూ కొట్టు దగ్గరా జనం అడిగే ప్రశ్నలన్నీ రాసుకోండి. వాళ్లు అడిగిన మాటల్లోనే రాయండి. పిన్ని పుస్తకంలో వారానికి తేలినవి ఇవీ: "వెల్లుల్లి వేస్తారా, వేయకుండా కూడా ఉందా?", "ఏ నూనె?", "ఎన్నాళ్లు నిలవుంటుంది?", "మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉన్నాడు, పంపిస్తారా?", "అరకిలో ఎంత?"

ఈ ఐదు ప్రశ్నలే మీ మొదటి ఐదు పోస్టులు. ఏం పెట్టాలో తోచడం లేదని చాలామంది టెన్షన్ పడుతుంటారు. పెట్టాల్సింది కొనేవాళ్లే ఎప్పుడో అడిగేశారు, మనం వినిపించుకోలేదంతే. పిన్ని పప్పునూనె డబ్బా చూపిస్తూ "మేం ఇదే వాడతాం, వేరే నూనె కలపం" అని చెప్పిన ఇరవై సెకన్ల వీడియోకి, ఆ తర్వాత నేను ముచ్చటపడి చేసిన రంగురంగుల పోస్టర్ కంటే ఎక్కువ మంది మెసేజ్ పెట్టారు.

అదే పుస్తకంలో ఇంకో పేజీలో ఇప్పటికే మీ దగ్గర కొంటున్న ఇరవై మంది పేర్లు రాయండి. మీ మొదటి ఫాలోయర్లు వాళ్లే కావాలి. కొత్తవాళ్లను వాళ్లే తీసుకొస్తారు.

రెండో అడుగు: ఎక్కడ తెరవాలి

అన్నీ ఒకేసారి తెరవకండి. ఒకటి బాగా నడిచాకే రెండోది. ఏది మీకు సరిపోతుందో చూసుకోవడానికి నా లెక్క ఇది.

వాట్సాప్ బిజినెస్ అందరికీ ముందు. వ్యాపారుల కోసం వాట్సాప్ వాళ్లే చేసిన విడి యాప్ ఇది. ఉచితం, 2018 నుంచి ఉంది. మీ కస్టమర్ కొత్తగా ఏమీ నేర్చుకోనక్కర్లేదు, ఆయన ఫోన్లో వాట్సాప్ ఎలాగూ ఉంటుంది.

కంటితో చూసి మనసు పడే సరుకుకి ఇన్‌స్టాగ్రామ్. చీరలు, నగలు, కేకులు, మెహందీ, ఇంటి అలంకరణ లాంటివి. 2020లో టిక్‌టాక్ నిషేధం అయ్యాక కొద్ది రోజులకే ఇక్కడ రీల్స్ అనే చిన్న వీడియోలు మొదలయ్యాయి. మిమ్మల్ని ఫాలో అవ్వని వాళ్ల దగ్గరికి కూడా చేరేది ఎక్కువగా ఈ రీల్సే.

ఫేస్‌బుక్‌ని కుర్రాళ్లు పట్టించుకోవడం మానేశారని దాన్ని వదిలేయకండి. నలభై దాటినవాళ్లు, పేటల గ్రూపులు, మిద్దెతోట గ్రూపులు, పెళ్లి ఏర్పాట్లు చూసుకునే పెద్దవాళ్లు అక్కడున్నారు. క్యాటరింగ్, టెంట్ హౌస్, నర్సరీ లాంటి వ్యాపారాలైతే ఫేస్‌బుక్ పేజీ పెట్టుకోవాల్సిందే.

విడమరిచి చెప్పాల్సిన పని ఉంటే యూట్యూబ్. కొండపల్లి బొమ్మనే తీసుకోండి. తెల్లపొణికి చెక్క తేవడం, ఎండబెట్టడం, చెక్కడం, చింతగింజల పిండితో చేసిన మక్కుతో అతకడం, రంగులేయడం ఇదంతా చూసినవాడికి ఆ బొమ్మ ధర ఎందుకంత ఉందో చెప్పనక్కర్లేదు. స్టేటస్ ఒక రోజులో మాయమైపోతుంది, యూట్యూబ్ వీడియోని ఏళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరు వెతుక్కుని వచ్చి చూస్తారు. యాడ్ డబ్బుల కోసమే వెళ్లాలనుకునేవాళ్లు ఒకటి తెలుసుకోండి: ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దాంతోపాటు గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణం గానీ, 90 రోజుల్లో షార్ట్స్ అనే చిన్న వీడియోలకి కోటి వ్యూస్ గానీ ఉండాలి. కొట్టు నడుపుకునేవాళ్లకి ఆ డబ్బు కంటే వీడియో చూసి వచ్చే ఒక్క ఆర్డరే ముందు చేతికందుతుంది.

వీటితోపాటు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా తెరవండి. ఇది సోషల్ మీడియా కిందికి రాదు, అయినా మానొద్దు. బీసెంట్ రోడ్డులో నిలబడి "దగ్గర్లో బ్లౌజులు కుట్టేవాళ్లు" అని వెతికే మనిషికి మ్యాప్‌లో మీ కొట్టు కనిపించాలి. కొట్టు నిజంగా ఉందని రుజువు చేయమంటారు. చాలాసార్లు వీధి, బోర్డు, లోపలి భాగం కనపడేలా ఒక వీడియో తీయమంటారు, తీసి పంపితే సరి. ఇంట్లోంచి వ్యాపారం చేసేవాళ్లు చిరునామా దాచేసి, సరుకు ఏయే ఊళ్లకు పంపగలరో మాత్రమే చూపించే వీలుంది. ఒంటరిగా ఉండే ఆడవాళ్లు తప్పకుండా అలాగే పెట్టుకోండి.

మూడో అడుగు: ఖాతా మీ పేరు మీద, మీ చేతిలో

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. నా స్నేహితురాలి చీరల కొట్టుకి మొదటి పేజీ ఎవరో తెలిసిన కుర్రాడు తెరిచాడు, అతని మెయిల్‌తో, అతని ఫోన్ నంబరుతో. రెండేళ్లు చక్కగా నడిచింది. తర్వాత అతను ఉద్యోగం వచ్చి ఊరు మారాడు, నంబరు మారింది, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు. ఆ పేజీ ఇప్పటికీ కనిపిస్తుంది. కొనేవాళ్లు దానికే మెసేజీలు పెడుతుంటారు. అవి తెరిచి చూసే దారి ఆమెకు లేదు.

అందుకని ముందు వ్యాపారం కోసం కొత్త మెయిల్ ఒకటి తెరవండి. వీలైతే రెండో సిమ్ తీసుకోండి, ఎందుకంటే ఒకే నంబరు మామూలు వాట్సాప్‌లోనూ వాట్సాప్ బిజినెస్‌లోనూ ఒకేసారి పనిచేయదు. ఖాతా తెరిచిన రోజే టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే లోపలికి రావడానికి ఇంకో కోడ్ కూడా అడిగే రెండో తాళం, పెట్టేయండి, రేపు చూద్దాం అనుకుంటే ఆ రేపు రాదు. మెయిల్, పాస్‌వర్డ్, వాట్సాప్ పిన్ ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. కొట్లో పనిచేసే అమ్మాయి మెసేజీలకు జవాబు చెప్పాలంటే ఆమెకు పాస్‌వర్డ్ ఇవ్వనక్కర్లేదు. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ అని ఉంటుంది, మీ ఫోన్‌కి మరో నాలుగు పరికరాలు కలుపుకోవచ్చు, మానేసినప్పుడు తీసేయొచ్చు.

పేరు విషయంలో నా సలహా: పలకడానికి తేలిగ్గా ఉండాలి, ఫోన్లో ఒక్కసారి చెప్తే అవతలివాళ్లు టైప్ చేయగలగాలి. అంకెలు, చుక్కలు, రెండేసి అక్షరాలు వద్దు. అన్నిచోట్లా ఒకే పేరు పెట్టుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయానికి 150 అక్షరాలే చోటుంటుంది. అందులో ఏం అమ్ముతారు, ఏ ఊరు, ఎలా ఆర్డరివ్వాలి, ఈ మూడూ పట్టాలి. పిన్నిది ఇలా రాశాం: "గుంటూరు ఇంటి పచ్చళ్లు. పప్పునూనెతో, తక్కువ మోతాదులో. ఆర్డర్‌కి వాట్సాప్ చేయండి." రుచికి మారుపేరు, నాణ్యతకు చిరునామా లాంటి మాటలు ప్రతి బోర్డు మీదా ఉంటాయి, వాటిని ఎవరూ చదవరు.

ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో ప్రొఫెషనల్ ఖాతాకి మారండి, డబ్బులేం అడగరు. మీ పోస్టు ఎంతమంది చూశారో, ఏ ఊరివాళ్లు చూశారో అప్పుడే తెలుస్తుంది.

నాలుగో అడుగు: వాట్సాప్ బిజినెస్‌ని పూర్తిగా వాడండి

చాలామంది ఈ యాప్‌ని దించుకుని మామూలు వాట్సాప్‌లాగే వాడేస్తారు. ఒక గంట కూర్చుంటే మీ రోజువారీ చాకిరీ సగం తగ్గుతుంది.

క్యాటలాగ్‌లో సరుకు ఫొటో, ధర, రెండు ముక్కల వివరం పెట్టండి. 500 దాకా పెట్టుకోవచ్చు, పదితో మొదలుపెట్టండి. "ఏమేం ఉన్నాయండీ?" అని అడిగినవాళ్లకి ఒక్క లింకు పంపితే సరిపోతుంది. క్విక్ రిప్లైస్‌లో రోజూ చెప్పే జవాబులు దాచుకోండి. ఏటవాలు గీత (/) కొట్టి "కొరియర్" అని టైప్ చేయగానే కొరియర్ ఛార్జీల వివరమంతా వచ్చేస్తుంది. ఆ జవాబులు మీరు మాట్లాడినట్టే రాయండి. "మీ సందేశానికి ధన్యవాదములు, మా ప్రతినిధి త్వరలో సంప్రదిస్తారు" అని వస్తే మా పిన్ని దగ్గర కొనే మామ్మలు తప్పు నంబరేమో అనుకుంటారు. "నమస్తే అండీ, వంటింట్లో ఉన్నాను, గంటలో మాట్లాడతాను" అని పెట్టాం. గంటలో మాట్లాడుతుంది కూడా.

లేబుల్స్ అని ఉంటాయి, ఒక్కో చాట్ మీద అంటించుకునే గుర్తులు. కొత్త ఆర్డర్, డబ్బు రావాలి, పార్శిల్ పంపాం, ఈ మూడు చాలు.

బ్రాడ్‌కాస్ట్ గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. ఒక జాబితాలో 256 మంది దాకా పెట్టుకుని అందరికీ ఒకేసారి మెసేజ్ పంపొచ్చు. అది అందరికీ విడివిడిగానే చేరుతుంది, ఒకరి నంబరు ఇంకొకరికి కనపడదు. కానీ మీ నంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. ఈ సంగతి తెలియక రెండొందల మందికి పంపామనుకుని ఎదురుచూస్తూ కూర్చుంటారు. స్టేటస్‌కీ ఇదే తంటా. కాబట్టి మీ మొదటి పని, కొన్న ప్రతివాళ్లచేతా నంబరు సేవ్ చేయించడం. పిన్ని ప్రతి పార్శిల్‌లో చిన్న చీటీ పెడుతుంది: "ఈ నంబరు సేవ్ చేసుకుంటే కొత్త ఆవకాయ కలిపిన రోజు మీకే ముందు చెప్తాను." చేతిరాతతో రాసింది జిరాక్స్ తీయించాం. ప్రింటింగ్ ప్రెస్‌లో వేయించిన కార్డు కంటే ఇదే పనిచేసింది.

అడక్కుండా ఎవరినీ గ్రూపులో చేర్చకండి. బ్రాడ్‌కాస్ట్ కూడా వారానికి ఒకటి దాటితే జనం బ్లాక్ చేస్తారు.

ఐదో అడుగు: ఫొటో, వీడియో

ఖరీదైన కెమెరా వద్దు. లెన్స్ తుడవండి. నిజంగానే చెప్తున్నాను, వంటింట్లో తిరిగే ఫోన్ల లెన్స్ మీద ఎప్పుడూ నూనె పొర ఉంటుంది, అందుకే ఫొటోలు మసగ్గా వస్తాయి. పాత నూలు గుడ్డతో ఒక్కసారి తుడిస్తే తేడా మీకే తెలుస్తుంది.

రెండోది వెలుతురు. మా స్నేహితురాలి కొట్లో ఒకసారి నిజాం అంచు చీర ఒకటి ట్యూబ్‌లైట్ కింద తీసి పెట్టాం. ఆకుపచ్చ మీద మెరూన్ అంచు. ఫొటోలో ఆ ఆకుపచ్చ నీలంలా వచ్చింది. కొన్నావిడ పార్శిల్ విప్పి, "నేను అడిగింది నీలం కదా" అంది. ఆవిడ తప్పేమీ లేదు. డబ్బు తిరిగిచ్చి, ఆ రోజు నుంచి పద్ధతి మార్చాం. ఉదయం తొమ్మిది, పది మధ్య గుమ్మం పక్కన, ఎండ నేరుగా పడని చోట చీరని చెక్కబల్ల మీద పరుస్తాం. మొదట అంచు దగ్గరగా, నేత కనపడేలా. తర్వాత పైట. తర్వాత చీర మడతని చేత్తో పట్టుకుని కొద్దిగా కదిలించి ఒక చిన్న వీడియో, బట్ట బరువు తెలియడానికి. చివర్లో తెల్ల కాగితం చీర పక్కన పెట్టి ఒక ఫొటో. కాగితం తెల్లగా కనిపిస్తే చీర రంగు కూడా సరిగ్గా ఉన్నట్టే. ఫిల్టర్లు అస్సలు వేయం. అప్పటి నుంచి రంగు గొడవ మళ్లీ రాలేదు.

రీల్స్‌కి, షార్ట్స్‌కి ఫోన్ నిలువుగా పట్టుకోవాలి. మొదటి రెండు మూడు సెకన్లలో అసలు విషయం కనపడాలి. నమస్కారం, స్వాగతం, మా ఛానెల్ పేరు అంటూ మొదలుపెడితే వేలు పైకి జరిపేస్తారు. పిన్ని వీడియోల్లో ఇప్పటికీ అందరూ చెప్పుకునేది ఆవకాయ తిరగకలిపే వీడియో. కలిపిన మూడో రోజు జాడీ వాసెన విప్పింది, నూనె పైకి తేలి ఎర్రగా మెరుస్తోంది. గరిటె అడుగుదాకా దించి పైకి లేపితే ముక్కలు ఒక్కొక్కటీ తిరగబడుతున్నాయి. మాటలు లేవు, గరిటె జాడీకి తగిలే చప్పుడు తప్ప. చివర్లో "ఉప్పు సరిపోయిందే" అని నాతో అంది, అది కూడా అందులో ఉండిపోయింది. తీసేద్దామనుకుని ఉంచేశాను. మంచి పని చేశాను.

సినిమా పాటలు పెట్టేముందు ఆలోచించండి. ఇన్‌స్టాగ్రామ్‌లో బిజినెస్ ఖాతాలకి అన్ని పాటలూ రావు. వేరేచోట నుంచి తెచ్చి అతికిస్తే కాపీరైట్ కింద శబ్దం తీసేస్తారు, లేదా వీడియోనే తీసేస్తారు. మీ పని చప్పుడే వాడుకోండి. కుట్టుమిషన్, పోపు, మగ్గం, వీటిని మించిన సంగీతం లేదని నా నమ్మకం.

ఆరో అడుగు: ఏం రాయాలి

తెలుగులోనే రాయండి. ధర రాయండి. "ధరకి ఇన్‌బాక్స్ చేయండి" అనే అలవాటు నాకు అస్సలు నచ్చదు. అడగడానికి మొహమాటపడే మనిషి వెళ్లిపోతాడు, అడిగినవాడు "మనిషిని బట్టి చెప్తారేమో" అని అనుమానిస్తాడు. ఊరి పేరు లొకేషన్‌లో పెట్టండి. హ్యాష్‌ట్యాగ్‌లు (# గుర్తుతో మొదలయ్యే మాటలు) నాలుగైదు చాలు, సరుకు పేరు, ఊరు పేరు.

ఎన్ని పోస్టులు? వారానికి రెండు. ఏడాదంతా ఆపకుండా పెట్టగలిగినన్నే పెట్టండి. మొదటి నెల రోజుకి మూడు పెట్టి రెండో నెల మాయమయ్యే పేజీని చూస్తే కొట్టు మూసేశారనుకుంటారు.

ఏడో అడుగు: జవాబు

పిన్నికి రోజులో రెండు వేళలు పెట్టాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరగంట, రాత్రి ఎనిమిదికి అరగంట. ఆ గంటలో ప్రతి మెసేజ్‌కీ, ప్రతి కామెంట్‌కీ జవాబు వెళ్లాలి. "బాగుంది" అన్నవాళ్లకి కూడా. "థాంక్సండీ, మీది ఏ ఊరు?" అంటే చాలు, అక్కడి నుంచి మాట కలుస్తుంది. "గుంటూరే, అరండల్‌పేట" అని వస్తే, "అయితే కొరియర్ దేనికి, సాయంత్రం వచ్చి రుచి చూసి తీసుకెళ్లండి" అంటుంది పిన్ని. ఏ కంపెనీ ఇలా చెప్పగలదు? చిన్న వ్యాపారి బలం ఇదే.

ఫిర్యాదు వస్తే ఏం చేయాలో ముందే అనుకుని ఉండండి. ఒకసారి ఆర్టీసీ కార్గోలో పంపిన పార్శిల్‌లో మూత సరిగ్గా బిగించక నూనె కారింది. అందుకున్నావిడ ఫొటో తీసి కామెంట్లలో పెట్టింది. పిన్ని గాభరాపడి "తీసెయ్యవే, తీసెయ్యి" అంది. తీయలేదు. దాని కిందే పిన్నిచేత రాయించాను: "క్షమించండమ్మా, మూత నేనే బిగించాను, పొరపాటు నాదే. రేపు కొత్త సీసా పంపిస్తున్నాను." తర్వాత ఫోన్ చేసి మాట్లాడింది. కొత్త సీసా అందాక ఆవిడే అదే కామెంట్ కింద అందిందని రాసింది. ఆ కామెంట్ ఇప్పటికీ అక్కడే ఉంది, కొత్తగా వచ్చేవాళ్లు చదువుతారు. తిట్టడానికే వచ్చేవాళ్లు వేరు. బూతులు రాస్తే వెంటనే బ్లాక్ చేయండి, వాదించకండి.

ఎనిమిదో అడుగు: డబ్బు పెట్టాల్సిన చోటు, పెట్టకూడని చోటు

ఫాలోయర్లను అమ్ముతామంటారు. కొనకండి. వాళ్లు మనుషులు కారు, పచ్చడి కొనరు. పైగా మీ పోస్టు చూసి ఎవరూ స్పందించడం లేదని యాప్ దాన్ని అసలైనవాళ్లకి కూడా చూపించడం తగ్గిస్తుంది.

డబ్బు కడితే పోస్టుని ఎక్కువ మందికి చూపించే బూస్ట్ బటన్ నొక్కేముందు రెండు నెలలు ఆగండి. ఏ పోస్టు డబ్బు లేకుండానే మెసేజీలు తెచ్చిందో చూసి, దానికే కొద్ది మొత్తం పెట్టండి. ఊరు, చుట్టుపక్కల దూరం ఎంచుకునే వీలుంది. విజయవాడ బ్యూటీ పార్లర్ ప్రకటన విశాఖలో కనపడి లాభం లేదు. లక్ష్యంగా లైకులు ఎంచుకోకండి, మెసేజీలు ఎంచుకోండి.

ఫుడ్ వీడియోలు చేసేవాళ్లకి డబ్బిచ్చి చెప్పించుకుంటే, అది ప్రకటన అని వాళ్లు స్పష్టంగా రాయాలి. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో ఈ నియమాలు తెచ్చింది, కేంద్ర వినియోగదారుల శాఖ కూడా 2023 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. ఉచితంగా తినిపించినా అది ప్రతిఫలం కిందే లెక్క. ఇంట్లో చేసి అమ్మే తినుబండారాలకి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తీసుకోండి. ఆ 14 అంకెల నంబరు సీసా మీదా, క్యాటలాగ్‌లోనూ కనపడనివ్వండి. దూరంగా ఉండి మొదటిసారి కొనేవాళ్లు ధైర్యంగా డబ్బు పంపుతారు.

తొమ్మిదో అడుగు: మోసాలు

పేజీ పెట్టిన నెలలోపే ఇవి మొదలవుతాయి, కాబట్టి శ్రద్ధగా చదవండి.

పెద్ద ఆర్డర్ వస్తుంది, ఇరవై కిలోలు. బేరం ఆడరు, రుచి అడగరు. సైన్యంలో పనిచేస్తున్నానంటారు, యూనిఫాంలో ఉన్న ఫొటో, గుర్తింపు కార్డు పంపుతారు. డబ్బు పంపడానికని ఒక క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచి డబ్బు వెళ్తోందని అర్థం. ఇది ఇంట్లో అందరికీ, ముఖ్యంగా ఫోన్ వాడే పెద్దవాళ్లకి, ఒకటికి రెండుసార్లు చెప్పండి.

చెల్లించినట్టు స్క్రీన్‌షాట్ పంపుతారు. స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపకండి, మీ బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసుకుని పంపండి.

"మీ పేజీ కాపీరైట్ ఉల్లంఘించింది, 24 గంటల్లో తొలగిస్తాం, ఇక్కడ నొక్కి అభ్యంతరం చెప్పండి" అని మెసేజ్ వస్తుంది. పైన కంపెనీ గుర్తు కూడా ఉంటుంది. నాకు తెల్లవారుజామున వచ్చింది, నిద్రమత్తులో నొక్కి పాస్‌వర్డ్ కూడా టైప్ చేశాను. టూ స్టెప్ వెరిఫికేషన్ ఉంది కాబట్టి అవతలివాడు కోడ్ దగ్గర ఆగిపోయాడు, లేకపోతే పిన్ని పేజీ ఆ రోజే పోయేది. నిజమైన హెచ్చరికలు యాప్‌లోనే, సెట్టింగ్స్‌లో ఖాతా స్థితి చూపించే చోట ఉంటాయి.

డబ్బు పోతే సిగ్గుపడుతూ కూర్చోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు రాయండి. ఎంత త్వరగా చెప్తే అవతలి ఖాతాలో ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

వ్యాపారం లేనివాళ్లకి, సరదాకి

మా నాన్న రిటైరయ్యాక ఫేస్‌బుక్‌లోకి వచ్చారు. పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ వైపు నడకకి వెళ్తారు, రోజుకొక ఫొటో తీస్తారు. నీళ్లు నిండుగా ఉన్న రోజు, గేట్లు ఎత్తిన రోజు, పొగమంచులో భవానీ ద్వీపం కనపడని రోజు. కింద రెండు వాక్యాలు రాస్తారు. ఆయన స్నేహితులు యాభై మందికి మించరు, ఆయనకి అది చాలు. అందులో ఒకాయన ఇప్పుడు దుబాయ్‌లో ఉంటారు, చిన్నప్పుడు తారాపేటలో పెరిగారట. రోజూ ఆ ఫొటో చూశాకే టీ తాగుతానని రాశారు.

సరదాకి వచ్చేవాళ్లు చేయాల్సింది తక్కువ. సొంత ఖాతాని ప్రైవేట్‌గా పెట్టుకోండి. ఫేస్‌బుక్‌లో అయితే ప్రొఫైల్ లాక్ చేసే వీలుంది. ఫోన్ నంబరు, పుట్టినతేదీ దాచేయండి. తిరుపతి ఫొటోలు తిరిగొచ్చాక పెట్టండి, లేకపోతే ఇంటికి తాళం వేసి ఉందని ఊరందరికీ చెప్పినట్టవుతుంది. పదమూడేళ్లు నిండని పిల్లలకి ఖాతా తెరవకండి, ఆ యాప్‌ల నియమాలు కూడా ఒప్పుకోవు. మీరు దేని దగ్గర ఎక్కువసేపు ఆగితే యాప్ మీకు అదే తెచ్చి పెడుతుంది. కాబట్టి గొడవల వీడియో వచ్చినప్పుడు "నాట్ ఇంట్రెస్టెడ్" నొక్కి ముందుకెళ్లండి, ఒక వారంలో మీ ఫీడ్ మారిపోతుంది. మా నాన్నకి ఇప్పుడు మిద్దెతోటలు, పాత రేడియోలు తప్ప ఇంకేం రావు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు వాట్సాప్‌లో సాయం అడిగినవాళ్లు, నీళ్లూ పాలూ ఎక్కడ అందుతున్నాయో చెప్పినవాళ్లు ఎంతోమంది. అదే సమయంలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎక్కడిదో పాత వీడియో "ఇప్పుడే కట్ట తెగింది" అని వచ్చింది. కింద ఫ్లాట్ ముసలావిడ వణికిపోతూ మెట్లెక్కి మా ఇంటికి వచ్చేసింది. మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. 2020 నుంచి అలాంటివాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం, వాట్సాప్ ఆ అడ్డు పెట్టింది. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో తెలియని వీడియోని మీ దగ్గరే ఆపేయండి.

నెలాఖరు లెక్క

వ్యాపారంవాళ్లు లైకులు లెక్కపెట్టకండి. నోటు పుస్తకంలో ప్రతి ఆర్డర్ పక్కనా ఒక గడి గీసి, "మా గురించి ఎలా తెలిసిందండీ?" అని అడిగి రాసుకోండి. పిన్ని పుస్తకంలో మూడో నెలకి ఇన్‌స్టాగ్రామ్ అని రాసినవి కొన్నే ఉన్నాయి, గూగుల్ అని రాసినవి అంతకంటే తక్కువ. "ఫలానావిడ స్టేటస్‌లో పెడితే చూశాను" అన్నవే ఎక్కువ. కొన్నవాళ్లు భోజనం పళ్లెం ఫొటో తీసి తమ స్టేటస్‌లో పెట్టుకుంటున్నారు, వాళ్ల చుట్టాలు అది చూసి నంబరు అడుగుతున్నారు. ఆ సంగతి తెలిశాక పార్శిల్ చీటీ మీద పిన్ని ఇంకో వాక్యం చేర్చింది: "వేడన్నంలో కలుపుకున్నాక ఒక ఫొటో పంపండమ్మా." ఇప్పుడు పేజీలో పెట్టే ఫొటోల్లో సగం, అడిగి పెట్టుకున్నవే, ఆ పళ్లేలవే.